చెల్లెలు వరస

కడుపు నిండా రాగిజావ తాగిన పిల్లలను గోనెసంచుల్లో నిలబెట్టి గెంతమంటే ఏమవుతుందో ఎవరికైనా తెలుసు. చౌడేశ్వరికి మాత్రం తెలియలేదు.

ఎర్రబండపల్లి బడిలో ఆమెకు అది మొదటి రోజు. మూడో తరగతి ప్రసన్న రెండు గెంతులు గెంతి, ఆగి, అటూ ఇటూ చూసి, తాగిందంతా కేశవ బూట్ల మీద కక్కేసింది. ఆ బూట్లకు కూడా అది మొదటి రోజే.

"తిన్న పిల్లోల్లను ఎగిరిస్తారా ఎవరన్నా?" అన్నాడు కేశవ, కాలు విదిలిస్తూ.

"ఎగరమంటి గానీ కక్కమంటినా?" అంది చౌడేశ్వరి, పిల్ల మూతి తుడుస్తూ. "అయినా నీ ప్లాన్ చూసినాలే. మొదటి యాక్టివిటీ, కండ్లు మూసుకొని కూర్చునేది. రెండోది, కండ్లు తెరిచి కూర్చునేది. అదేమన్నా ఆటనా? రాత్రంతా పండుకొనే కదా వచ్చినారు వాల్లు."

"కూర్చుంటే దెబ్బలు తగలవు."

"కూర్చోబెడితే రేపట్నుంచి రారు."

తెల్లారేసరికి పెద్దవాళ్ళంతా ఆటోలెక్కి కూలికి వెళ్ళిపోయే ఊరది. పిల్లలు ఖాళీ కడుపుతో వచ్చి బడి అరుగు మీద కూర్చునేవాళ్ళు. అది చూసి కదిరిలోని ఒక ట్రస్టు వాళ్ళు అక్కడ బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ పెట్టారు. బడిగంట కొట్టేదాకా పిల్లలకు ఇంత తినబెట్టి, ఏదో ఒక ఆటలోనో పాటలోనో పెట్టాలి. అందుకని తనకల్లు నుంచి కేశవను, కదిరి నుంచి చౌడేశ్వరిని తీసుకున్నారు. వంట మాత్రం ఆ ఊరి తిమ్మమ్మది. వంట ఒక్కటే కాదు, ఊళ్ళో ఆడవాళ్ళకు ఆమె మాటంటే మాటే.

ఇక కేశవ గురించి చెప్పాలంటే, భయస్తుడు. కత్తెర ఇస్తే పిల్లలు వేళ్ళు కోసుకుంటారని భయం. చింతగింజలిస్తే ముక్కులో పెట్టుకుంటారని భయం. ఇంత భయం ఉన్నవాడు పిల్లల పనికి ఎందుకొచ్చాడంటే, ఎవరూ భయపడకపోతే వాళ్ళకేమైనా అవుతుందేమోనని ఇంకో భయం. ఇట్లాంటి మనిషిని ఏమని తిట్టగలం?

ఆ పొద్దున వాళ్ళిద్దరి గొడవనూ తిమ్మమ్మ వంటగది గడప మీద నిలబడి చూసింది. గేటు దగ్గర, ఇంకా ఆటో ఎక్కని తల్లులు కూడా చూశారు. ఆడపిల్లల తల్లులు. వాళ్ళ చూపులన్నీ వయసులో ఉన్న ఈ ఇద్దరి మీదే ఉన్నాయి.

"ఏమప్పా," అంది తిమ్మమ్మ, "మీరిద్దరూ ఏమవుతారు?"

ఊరకే అడిగిన ప్రశ్న కాదది. ఆ ఊళ్ళో వరస లేని మనిషి ఉండడు. ఏ ఊరి నుంచి వచ్చినా సరే, అత్తో, మామో, చిన్నాయనో, ఏదో ఒకటి తేలాలి. తేలితేనే ఇంట్లోకి రానిస్తారు, పిల్లలను అప్పజెప్పుతారు. ఏమీ కాని ఒక పిల్లోడూ ఒక పిల్లా పొద్దున్నే బడిలో ఉంటే, అక్కడికి తమ ఆడపిల్లలను ఏ తల్లి పంపుతుంది?

కేశవ గేటు వైపు చూశాడు. క్లబ్ మొదటి రోజే మూతపడేలా ఉంది. బూటులో జావ చల్లగా తగులుతోంది. ఎదురుగా ఉన్న చౌడేశ్వరి మీద ఒళ్ళు మండిపోతోంది.

"నాకు చెల్లెలు వరస అవుతాదమ్మా," అన్నాడు.

ఆ నిమిషంలో అంతకంటే సులభమైన మాట లేదు. చౌడేశ్వరి కనుబొమ్మలెత్తి చూసింది గానీ, గేటు దగ్గరి తల్లుల మొహాలు తేలికపడటం చూసి ఊరుకుంది.

"అట్లయితే సరేలే," అని తిమ్మమ్మ లోపలికి వెళ్ళింది. తల్లులు ఆటో ఎక్కారు.

*

పిల్లలు తరగతులకు వెళ్ళాక, మర్నాటి కార్యక్రమం అనుకోవడానికి ఇద్దరూ బడి అరుగు మీద కూర్చునేవాళ్ళు. తిమ్మమ్మ మిగిలిన ఉగ్గాని రెండు పళ్ళేల్లో పెట్టిచ్చేది. బొరుగులు మెత్తబడిపోయేవి గానీ వాదన తెగేది కాదు.

"రేపు చింతగింజలతో బొమ్మలు అతికిద్దాం," అనేది ఆమె.

"ముక్కులో పెట్టుకుంటే?"

"ముక్కులో పెట్టుకుంటారా అన్నా? చెవులో పెట్టుకోరా అన్నా? ఇంకా యాడన్నా పెట్టుకుంటారేమో చూసి చెప్పన్నా."

'అన్నా' అన్నప్పుడల్లా నాలుకతో గిల్లినట్టు అనేది. మొదట్లో కేశవకు కోపం వచ్చేది, అంతే.

కొన్నాళ్ళకు ఇద్దరూ చెరో మెట్టు దిగారు. పరుగులూ గెంతులూ తినకముందు, కూర్చుని చేసేవి తిన్నాక అని ఒప్పందం. తాడాటకు కేశవ ఒప్పుకున్నాడు. కత్తెర వాడితే పక్కన కూర్చోవాలని చౌడేశ్వరి ఒప్పుకుంది. వచ్చే పిల్లలు పెరిగారు. ప్రసన్న వాళ్ళ అమ్మ కూలికి వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "మీ అన్నాచెల్లెండ్లు ఉండారని ధైర్యంగా పోతాండా అప్పా," అని చెప్పి పోయేది. అప్పుడు కేశవకు నిజంగానే సంతోషంగా ఉండేది.

ఆ సంతోషం బొమ్మలాట రోజుతో సరి.

ఆ రోజు గది తలుపులు మూసి, పాత దుప్పటి అడ్డం కట్టి, వెనక సెల్‌ఫోన్ లైటు పెట్టి, అట్టముక్కలతో చేసిన నక్కనూ కోడిపుంజునూ ఆడించారు. దుప్పటి వెనక ఉన్నది కాస్తంత జాగా. ఇద్దరూ మోకాళ్ళ మీద ఒదిగి కూర్చున్నారు. కేశవ నక్క గొంతుతో, "కోడన్నా, నీకు జలుబు చేసిందా అన్నా, ఆవిరి పట్టుకుంటావా అన్నా," అని దిగులుగా అడిగాడు. నక్క కూడా భయస్తురాలే అయింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నవ్వు ఆపుకోలేక చౌడేశ్వరి తన మొహాన్ని అతని భుజానికి ఆనించింది.

ఒక్క క్షణమే. ఆ తర్వాత నక్క మాట్లాడలేదు. "నక్కకు ఏమయిందక్కా?" అని పిల్లలు అరిచారు.

ఏమయిందో నక్కకు బాగానే తెలిసింది. తెలిసినప్పటి నుంచి దానికి నిద్ర లేదు.

చెల్లెలని ఊరంతటికీ చెప్పిన నోటితో ఇప్పుడేం చెప్తాడు? చెప్పకపోతే ఆ పిల్ల దక్కదు. చెప్తే తల్లులు ఆడపిల్లలను పంపరు, వాళ్ళు మళ్ళీ ఖాళీ కడుపుతో ఇళ్ళల్లో కూర్చుంటారు. పైగా, అసలు ఆమె మనసులో ఏముందో? బొమ్మలాట తర్వాత చౌడేశ్వరి అతన్ని 'అన్నా' అనడం మానేసింది. 'కేశవా' అని కూడా అనడం లేదు. "ఇదిగో", "ఇట్ల చూడు", అంతే. కోపం వచ్చిందని అతను తేల్చుకున్నాడు. భుజం అక్కడ పెట్టినందుకు తన భుజాన్నే తిట్టుకున్నాడు.

పిలుపు లేకుండా పిలిచే ఆడపిల్ల మనసేంటో ఎవరైనా చెప్పగలరు. ఈ మహానుభావుడికి తప్ప.

ఒకరోజు వాళ్ళు అరుగు మీద ఉండగా నాలుగు చినుకులు పడ్డాయి. శనక్కాయ చేలు నోరు తెరుచుకుని ఉన్న రోజులు. తిమ్మమ్మ గబగబా బయటికొచ్చి ఆకాశంలోకి చూసింది. చౌడేశ్వరి చెయ్యి చాపి చినుకు పట్టుకుంది. కేశవ ఆమె చెయ్యినే చూస్తున్నాడు. చినుకులు ఆగిపోయాయి. తిమ్మమ్మ ఆకాశాన్ని నాలుగు తిట్టి, అతని పక్కన చతికిలబడింది.

"ఏమప్పా కేశవా, చెల్లెలికి యాడన్నా సంబంధం చూస్తాండారా?"

కేశవకు ఉగ్గాని గొంతులో అడ్డం పడింది.

"మా అన్న మనవడు ఉండాడు. కదిరిలో సెల్‌ఫోన్ల అంగడి. బీడీ లేదు, తాగుడు లేదు. అన్నవు నువ్వుండావు కదా, నువ్వు పోయి చూసి చెప్పు. నువ్వు సరే అంటే ఆ పిల్లోని నాయన తిప్పన్నతో నేను మాట్లాడతా."

"నేనా?"

"నువ్వు కాకుంటే ఊర్లో ఇంకెవరు చూస్తారు?"

చౌడేశ్వరి చేతిలో మిగిలిన తడిని చీర కొంగుకు తుడుచుకుంది. "పోయి చూడు," అంది. "చూసి, ఎట్లుండాడో నాకు చెప్పు."

ఆమె ఏం కోరి ఆ మాట అన్నదో గ్రహించే తెలివి ఉంటే అతను కేశవ ఎందుకవుతాడు? ఆదివారం బస్సెక్కి కదిరి పోయాడు. అంగట్లో నిలబడి ఆ పిల్లోడిలో ఏదో ఒక లోపం కనిపించాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. ఆ పిల్లోడు కుర్చీ వేసి, టీ తెప్పించి, అడగకుండానే కేశవ ఫోనుకు కొత్త గ్లాసు అతికించి, దుడ్లు వద్దన్నాడు.

"ఎట్లుండాడు?" అని సోమవారం అడిగింది చౌడేశ్వరి.

"మంచోడు," అన్నాడు కేశవ, ఏడుపు మొహంతో.

ఆమె పళ్ళెం కింద పెట్టేసింది. "నీయంత మంచోన్ని నేను యాడా చూల్లేదు," అని లేచి, ఆ రోజు అనుకోవలసిన ఆటల ఊసే ఎత్తకుండా బస్‌స్టాపుకు పోయింది.

*

ఆ సీమలో శ్రావణంలోనే చేసుకునే నాగులచవితి వచ్చింది. ఆ రోజు ఆ పక్క ఎవరూ పొయ్యి మీద పెనం పెట్టరు, కత్తి పట్టరు. క్లబ్బులో కూడా ఉగ్గాని లేదు. పిల్లల చేతనే నువ్వుల ఉండలు చేయించాలనీ, చలిమిడీ అరటిపండ్లూ పెట్టాలనీ అనుకున్నారు. ఉండ గొంతులో ఇరుక్కుంటుందని కేశవ భయపడ్డాడు. పుట్ట దగ్గర పాము వస్తుందని భయపడ్డాడు. నిజంగా దేనికి భయపడాలో అది మాత్రం అతని తలలోకి రాలేదు. వాళ్ళింట్లో అతనొక్కడే సంతానం.

పుట్టలో పాలు పోసి, మిగిలిన పాలతో ఆడపిల్లలు అన్నదమ్ముల వీపు తడపడం ఆ ఊరి ఆనవాయితీ. తోడబుట్టకపోయినా సరే, ఒకసారి పాలతో తడిపితే తోడబుట్టినట్టే. ఇక ఆ వరస తిరిగేది లేదు.

తల్లులు ఆ రోజు కూలికి పోలేదు. పుట్ట దగ్గర నుంచి పాల చెంబులతో నేరుగా బడికొచ్చారు. మగపిల్లలు చొక్కాలు విప్పి వరసగా కూర్చున్నారు. ఆడపిల్లలు వీపుల మీద పాలు చిలకరిస్తుంటే చక్కిలిగింతలతో మెలికలు తిరిగారు. అందరిదీ అయ్యాక, తిమ్మమ్మ ఒక చెంబు తెచ్చి చౌడేశ్వరి చేతిలో పెట్టింది.

"ఊఁ, మీ అన్న వీపు తడుపమ్మా. ఈయప్ప మన పిల్లోల్లను చూసుకుంటాండాడు. నీ చేతి పాలు పడితే ఈయప్పకు మంచిదయితాది."

తల్లులందరూ నవ్వుమొహాలతో చుట్టూ చేరారు. ప్రసన్న అరటిపండు తింటూ ముందుకొచ్చి నిలబడింది.

కేశవ తల ఎత్తి చూశాడు. ఎదురుగా అంతమంది పిల్లలు, మూతుల నిండా నువ్వులు. ఒక్కమాట నోరు జారితే రేపు వీళ్ళలో ఎంతమంది వస్తారు? అతను మెల్లగా వెనక్కి తిరిగి, తల వంచి నిలబడ్డాడు.

వెనక చౌడేశ్వరి గాజులు కదిలాయి. ఆగాయి.

"తడపమంటావా?" అంది. అతనికి మాత్రమే వినపడేంత మెల్లగా. గొంతులో ఏడుపు తెలుస్తోంది.

పుట్టి బుద్ధెరిగాక కేశవ ఆలోచించకుండా చేసిన పని అదొక్కటే. గిరుక్కున తిరిగి చెంబును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వద్దు. తిమ్మమ్మా, తప్పు నాది. ఆ పొద్దు మీరు అడిగితే భయపడి చెల్లెలంటి. ఈమె నాకు ఏమీ కాదు. అబద్ధం చెప్పింది నేను, ఈ పిల్ల కాదు. ఇప్పుడు చెల్లెలని అనుకుందామన్నా నాతో అయ్యేట్టు లేదు. ఈమంటే నాకు ఇష్టం. ఈ పాలు పడితే నేను బతికినంత కాలం ఏడుస్తా."

తిమ్మమ్మ చెంబు లాక్కుని, మారు మాట లేకుండా గేటు దాటింది. ప్రసన్న వాళ్ళ అమ్మ పిల్ల రెక్క పట్టుకుని, "పద, పద," అంటూ ఈడ్చుకుపోయింది. ఆడపిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బడిగంట కొట్టేసరికి అరుగు మీద సగం చేసిన నువ్వుల ఉండలూ వాళ్ళిద్దరూ మిగిలారు.

"నువ్వన్నా ఏమన్నా మాట్లాడు," అన్నాడు కేశవ.

"ఏమి మాట్లాడేది?" చౌడేశ్వరి మొహం ఎర్రబడి ఉంది. "నన్ను అడక్కుండా చెల్లెల్ని చేసినావు. నన్ను అడక్కుండా పోయి మొగున్ని చూసొచ్చినావు. ఇప్పుడు నన్ను అడక్కుండానే ఊరందరి ముందర ఇష్టమంటాండావు. ఒక్క తూరి, ఒక్కటంటే ఒక్క తూరి నన్ను అడగాలని నీకు తోచలేదు కదా."

కదిరి బస్సు హారన్ వినపడింది. ఆమె వెనక్కి చూడకుండా వెళ్ళి ఎక్కింది.

*

మర్నాడు కేశవ మొదటి బస్సుకే దిగాడు. వంటగదికి తాళం వేసి ఉంది. తాళంచెవి తిమ్మమ్మ దగ్గర. తిమ్మమ్మ జాడ లేదు.

అరుగు మీద కూర్చున్నాడు. లేచాడు. గేటు దాకా పోయాడు, వచ్చాడు. రోజూ ఈ వేళకు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, కండ్లు నులుముకుంటూ పిల్లలు వస్తుండేవాళ్ళు. ఇవాళ దారంతా ఖాళీ. తన ఇష్టం పోయి పిల్లల కడుపు మీద కొట్టిందని అనుకునేసరికి అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. పక్క ఊరి వైపు ఒక ఆటో పోయింది. ఆగలేదు.

కదిరి బస్సు ఆగింది. ఆమె దిగుతుందని అతను అనుకోలేదు. దిగింది. నింపాదిగా నడిచి వచ్చి, అరుగు మీద అతనికి కాస్త ఎడంగా కూర్చుంది.

"ఎవరూ రాలేదా?"

"రాలేదు."

"నాయనతో చెప్పినా," అంది చౌడేశ్వరి. "ఆ పిల్లోడు ధైర్యంగలోడేనా అని అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"కాదన్నా. వట్టి పిరికోడు, నువ్వుల ఉండను చూసినా భయపడతాడు అన్నా. అంత పిరికోడు అంతమంది ముందర తప్పు నాది అన్నాడు నాయనా, అని చెప్పినా."

"మీ నాయన ఏమన్నాడు?"

"నీకు ఇష్టమేనా అని అడిగినాడు. చూడు, ఆయనకు కూడా అడగాలని తోచింది."

కేశవ ఆమె వైపు తిరిగాడు. "చౌడేశ్వరీ, నేనంటే నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే," అంది. "ఆ నక్క గొంతు విన్నప్పట్నుంచీ ఇష్టమే. నువ్వడిగితే ఎప్పుడో చెప్పుందును కదా."

అతనికి గాలి ఆడింది. ఆడిన మరుక్షణమే మళ్ళీ దారి వైపు చూశాడు. "పిల్లోల్లు రాకుంటే?"

"ఇంటింటికీ పోదాం. ఇద్దరమూ పోయి తిట్లు తిందాం. పిల్లోల్లను పంపేదాకా గడప దిగొద్దు."

ఆమె లేచింది. అతనూ లేచాడు. గేటు దాకా వచ్చారో లేదో, మలుపులో తిమ్మమ్మ గొంతు వినపడింది. ఎవరినో తిడుతోంది. దగ్గరికొచ్చాక కేశవకు తెలిసింది, తనకే ఆ తిట్లని.

"మొగోడివి, ఒక్క అబద్ధమాడి ఊరినంతా వరస తప్పిస్తివి కదప్పా. నిన్న ఆడోల్లంతా మా ఇంటి ముందర కూర్చుండి నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినారు. నేనూ తిట్టినా."

"తిట్టండమ్మా. పిల్లోల్లను మాత్రం..."

"చెప్పనీ. తిట్టి తిట్టి అలిసిపోయినాంక, సరే, ఇప్పుడు వీల్లది ఏమి వరస అన్నారు. వరస తేలకుండా పిల్లోల్లను పంపేది లేదన్నారు. తేల్చేసరికి ఇంత పొద్దాయ." తిమ్మమ్మ చౌడేశ్వరి చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కుంది. "ఈ పిల్ల మా ఊరి ఆడబిడ్డ. నా బిడ్డ లెక్క. నువ్వు పై ఊరోడివి. పెద్దోల్లను పిలుచుకొని వచ్చి, నా ఇంట్లో కూర్చుండి, మాట్లాడి పో. అంతవరకూ మీరిద్దరూ ఆటలు అనుకునేటప్పుడు మధ్యలో నేను కూర్చుంటా."

"మరి మీ అన్న మనవడు?" అంది చౌడేశ్వరి, నవ్వు బిగపట్టుకుని.

"వానికేమి, అంగడుండాది. ఇంకో పిల్లను చూస్తా."

మలుపులోంచి పిల్లలు రావడం మొదలుపెట్టారు. మగపిల్లలు, వాళ్ళ వెనక ఆడపిల్లలు, వాళ్ళ వెనక తల్లులు. ఆలస్యమైందని ఆటోవాడు రోడ్డు మీద హారన్ కొడుతున్నా ఒక్క తల్లీ తొందరపడలేదు. గేటు దగ్గర నిలబడి, కేశవను పై నుంచి కింద దాకా, పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూశారు.

ప్రసన్న వాళ్ళ అమ్మ పిల్ల రెక్క వదిలింది. ప్రసన్న నేరుగా వచ్చి కేశవ ముందు నిలబడింది. ఇంట్లో నేర్పించి పంపిన మాట మరిచిపోకుండా, పెదాలు కదుపుతూ ఒకసారి లోపల అనుకుంది.

"బావా," అంది, "ఆకలవుతాండాది."

కేశవ కండ్లు తుడుచుకున్నాడు. తిమ్మమ్మ చేతిలోంచి తాళంచెవి తీసుకుని వంటగది వైపు పరిగెత్తాడు.